పొద్దున్న నిలబడిన మొక్క మధ్యాహ్నానికి వాలిపోయింది: శ్రీకాకుళంలో ఒక డాబా తోట కేస్ స్టడీ

2021 ఆగస్టు రెండో వారంలో శ్రీకాకుళం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. డాబా మీద 46 సంచుల్లో కూరగాయలు పెంచుతున్నారు. వంగ, మిరప, టమాటా అన్నీ వేశారు గానీ మూడేళ్లుగా టమాటా మాత్రం కూరకి సరిపడా కోసింది లేదు. ఎండాకాలంలో వేస్తే పూత విరగబూసి రాలిపోతోంది. వానల్లో వేస్తే మొక్కకి మొక్కే చచ్చిపోతోంది. "ఒకసారి వచ్చి చూడు బాబూ, మా ఆవిడ ఈసారి సంచులన్నీ తీసి పారేస్తానంటోంది" అన్నారు.

శ్రీకాకుళం, ఆమదాలవలస, విజయనగరం ఇళ్లలో పెరటి తోటలు, డాబా తోటలు వేయించడం, అవి దెబ్బతింటే వెళ్లి చూడటం నా పని. ఇలాంటి ఫోన్లు ప్రతి వానాకాలం వస్తాయి. ఈ కేసును మొదటి నుంచి చివరి దాకా రాయడానికి కారణం ఉంది. ఇందులో రెండు సమస్యలు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. రెండూ వేర్వేరు కాలాల్లో వచ్చేవే, కానీ ఇంట్లోవాళ్లకి కనిపించింది ఒకటే, టమాటా కాయడం లేదని. పైగా మొదటిసారి వెళ్లినప్పుడు నేను తప్పు చెప్పాను. దానివల్ల వాళ్లకి ఇంకో తొమ్మిది మొక్కలు పోయాయి. అది కూడా ఇక్కడ రాయాలి.

ఇల్లు, డాబా, మట్టి

ఇల్లు నాగావళికి దగ్గర్లో ఉంది. డాబా తొమ్మిది వందల చదరపు అడుగులు, చుట్టూ మూడడుగుల పిట్టగోడ. తూర్పు వైపు పూర్తిగా ఖాళీ కాబట్టి పొద్దుటి ఎండ బాగా పడుతుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తగులుతుంది. తోటకి ఇంతకంటే మంచి డాబా దొరకదు. సంచులు మాత్రం నేరుగా గచ్చు మీదే పెట్టారు. పైపుతో నీళ్లు పడితే ఒక సంచిలోంచి కారిన నీళ్లు పక్క సంచి కిందికి వెళ్తున్నాయి. అది అప్పుడే చూశాను, కానీ దాని అర్థం నాకు మూడు వారాల తర్వాత గానీ తెలియలేదు.

మట్టి ఎక్కడిదని అడిగితే, మాస్టారి అత్తవారి ఊరి నుంచి ట్రాక్టరు మీద తెచ్చామన్నారు. నల్లగా, పొడిపొడిగా, చేత్తో పట్టుకుంటే ముచ్చటగా ఉంది. ఆ మడిలో ఏళ్ల తరబడి వంగ, మిరప పండించారట. సారవంతమైన మట్టి అని వాళ్లు సంతోషంగా చెప్పారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఎండాకాలపు పూత ఎందుకు రాలింది

ముందు తేలికైన సమస్య చెబుతాను. మాస్టారు వీడియోలు చూసి తోట వేశారు. ఆ వీడియోలు ఎక్కువగా హైదరాబాదు మిద్దె తోటలవి. అవి తప్పు కాదు, ఆ ఊరికి అవి సరైనవే. కానీ హైదరాబాదు సముద్రమట్టానికి ఐదు వందల మీటర్ల పైన ఉంది. అక్కడ తొలకరి పడ్డాక రాత్రిళ్లు 23, 24 డిగ్రీలకు చల్లబడతాయి. మదనపల్లెలో టమాటా అంత బాగా పండుతుందంటే, ఆ ఊరు సుమారు 700 మీటర్ల ఎత్తున ఉండటం ఒక ముఖ్య కారణం. మన శ్రీకాకుళం సముద్రానికి దగ్గర, పల్లపు నేల. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ వెళ్లిపోయి వానలు మొదలైనా, రాత్రి ఉక్కపోత తగ్గదు. జూన్, జూలైల్లో రాత్రి ఉష్ణోగ్రత 26, 27 దగ్గరే ఆగిపోతుంది.

టమాటా పిందె కట్టాలంటే రాత్రి చల్లదనం చాలా ముఖ్యం. రాత్రి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే పిందె బాగా కడుతుంది. రాత్రి 24, 25 దాటి, పగలు 35 దగ్గరికి వెళ్తే పుప్పొడి బలంగా తయారవ్వదు. గాలిలో తేమ మరీ ఎక్కువైతే ఆ కాస్త పుప్పొడి కూడా ముద్దకట్టి పువ్వులోనే ఉండిపోతుంది. టమాటా పువ్వు తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందుతుంది, గాలికి అది ఊగితే చాలు. అయితే ఊగినప్పుడు పుప్పొడి పొడిగా రాలాలి కదా. మన ఊళ్లో మే నెల నుంచి సెప్టెంబరు దాకా ఈ రెండు ఇబ్బందులూ కలిసే ఉంటాయి.

ఇది తెలియక మాస్టారు బోరాన్ లోపం అనుకుని రెండుసార్లు బోరాన్ కొట్టారు. పూత నిలవడానికని హార్మోను మందు కొట్టారు. ఎరువు పెంచారు. మొక్క ఏపుగా పెరిగింది, ఆకు నల్లగా మెరిసింది, పూత రాలుతూనే ఉంది. నేను డాబా మీద కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు చూపించే థర్మామీటరు ఒకటి పెట్టించాను. మొదట పిట్టగోడకి తగిలిస్తే రాత్రి 29 చూపించింది. గచ్చూ గోడా పగలంతా తాగిన వేడిని రాత్రి వదులుతాయి. తర్వాత నీళ్ల ట్యాంకు స్టాండు నీడలో, నేలకి నాలుగడుగుల ఎత్తున కడితే 27 వచ్చింది. డాబా తోట వేసేవాళ్లు థర్మామీటరు ఎక్కడ కట్టారో కూడా పుస్తకంలో రాసుకోవాలి, లేకపోతే ఆ అంకెలు మోసం చేస్తాయి.

వాలిపోయిన మొక్కలు, నా పొరపాటు

ఆ ఆగస్టులో నేను వెళ్లేసరికి ఆరు టమాటా మొక్కలు వాలిపోయి ఉన్నాయి. మాస్టారి భార్య, అమ్మగారు, చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఏటి బాబూ, పొద్దున్న బాగానే ఉంది, మధ్యాన్నానికి తల వాల్చేసింది. రాత్రికి మళ్లీ కొంచెం లేచింది. మర్నాడు ఇంక లేవలేదు." ఈ మాటల్లోనే జబ్బు పేరు ఉంది. ఆకు పసుపు ఎక్కకుండా, పచ్చగా ఉండగానే మొక్క మొత్తం వడలిపోవడం. నేను ఆ మాటని పట్టుకోలేదు.

కాండం చీల్చి చూశాను. లోపల గోధుమరంగు చార కనిపించింది. శిలీంధ్రం వల్ల వచ్చే ఫ్యుజేరియం ఎండు తెగులు అనుకున్నాను, ఎందుకంటే దానిలోనూ అలాంటి చారే ఉంటుంది. పైగా అంతకుముందు వారమంతా ముసురు పట్టి ఉంది, సంచుల్లో నీరు నిలిచింది. నీళ్లు తగ్గించమని, పశువుల గెత్తంలో (ఎరువులో) ట్రైకోడెర్మా అనే జీవ మందు కలిపి పెట్టమని చెప్పి వచ్చేశాను. ట్రైకోడెర్మా మంచిదే, కానీ ప్రధానంగా శిలీంధ్రాల మీద పనిచేస్తుంది. ఇది శిలీంధ్రం కాదు.

సెప్టెంబరు మొదటి వారంలో మళ్లీ ఫోన్. ఇంకో తొమ్మిది పోయాయి, వాటిలో మూడు వంగ మొక్కలు. ఈసారి వెళ్లగానే మందుల జోలికి పోకుండా ఒక కాగితం తీసుకుని డాబా పటం గీశాను. ఏ సంచి ఎక్కడ ఉందో, ఏది ఏ తేదీన వాలిందో మాస్టారు తన నోటుబుక్కులో రాసుకున్నారు. ఆ తేదీలన్నీ పటం మీద వేసేసరికి నా ఒళ్లు జలదరించింది. మొదటి మొక్క పడమర మూల పోయింది. ఆ తర్వాత పోయినవన్నీ ఒక వరసలో ఉన్నాయి. ఆ వరస డాబా వాలు వెంట, నీళ్లు దిగే గొట్టం వైపు వెళ్తోంది. వాలుకి పైన ఉన్న సంచుల్లో ఒక్క మొక్కా పోలేదు. జబ్బు నీళ్లతో నడుస్తోంది.

అమ్మగారిని ఒక గాజుగ్లాసులో మంచినీళ్లు అడిగాను. అప్పుడే వాలిన మొక్క కాండాన్ని మట్టికి కాస్త పైన కోసి, మూడంగుళాల ముక్క తీసి, కోసిన చివర నీళ్లలో మునిగేలా పట్టుకున్నాను. కదపకూడదు. రెండు మూడు నిమిషాలు ఏమీ కనిపించలేదు. తర్వాత కోత నుంచి సన్నటి పాల దారంలాంటిది కిందికి దిగడం మొదలైంది. ఇంకొకటి, మరొకటి. పది నిమిషాలకి గ్లాసు అడుగున నీళ్లు మసకబారాయి. అమ్మగారు గ్లాసుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు.

ఇది బ్యాక్టీరియా ఎండు తెగులు. దీన్ని కలిగించే బ్యాక్టీరియా పేరు రాల్‌స్టోనియా సొలనేసియారమ్. మట్టిలో ఉంటుంది, వేరు గాయాల్లోంచి లోపలికి వెళ్లి, నీటిని పైకి తీసుకెళ్లే నాళాల్లో పెరిగి వాటిని మూసేస్తుంది. అందుకే మట్టిలో తడి ఉన్నా మొక్క దాహంతో చచ్చిపోతుంది. టమాటా, వంగ, మిరప, బంగాళదుంప అన్నీ దీనికి లోబడతాయి. మట్టి వేడిగా, 30 డిగ్రీల చుట్టూ ఉండి, తడిగా ఉంటే విజృంభిస్తుంది. మన ఊరి ఆగస్టు, సెప్టెంబరు నెలలు అచ్చంగా అలాంటివే. ఒకసారి మొక్కలోకి వెళ్లాక కాపర్ మందు పోసినా మొక్క బతకదు. వంగ మడి నుంచి వచ్చిన ఆ ముచ్చటైన నల్లమట్టితోనే ఇది ఇంట్లోకి వచ్చిందని నా అభిప్రాయం. గచ్చు మీద పారిన నీళ్లు మిగతా పని చేశాయి.

జబ్బు మొక్కలు తవ్వి తీయించాను. కత్తెర, బొరిగె బ్లీచింగ్ నీళ్లలో ముంచే అలవాటు చేయించాను. సంచులన్నీ ఇటుకల మీద ఎత్తి పెట్టమన్నాను. ఇటుకలకి చెప్పారు, కానీ అవి రావడానికి ఆలస్యమైంది.

గులాబ్ రాత్రి

సెప్టెంబరు 26, ఆదివారం సాయంత్రం గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్, తిత్లీ చూసిన జిల్లాకి ఇది పెద్ద గాలి కాకపోవచ్చు, కానీ వాన మాత్రం గట్టిగా పడింది. సోమవారం పొద్దున్న మాస్టారు ఫోన్ చేసి, డాబా మీద నాలుగంగుళాల నీళ్లు నిలిచాయన్నారు. ఆనప పాదు ఆకులు, ఒక పాలిథిన్ కవర్ కలిసి గొట్టానికి అడ్డం పడ్డాయి. 46 సంచులూ రాత్రంతా ఒకే నీళ్లలో నిలబడ్డాయి.

ఇక వాలుకి పైన ఉన్నవి మంచివి, కింద ఉన్నవి చెడ్డవి అని చెప్పే వీలు లేకుండా పోయింది. నాకు ఈ కేసులో కష్టమైన నిర్ణయం ఇదే. మూడేళ్లుగా గెత్తం వేసి పెంచుకున్న మట్టిని నమ్మొద్దని వాళ్లకి చెప్పాలి. మాస్టారు కాసేపు మాట్లాడలేదు. అమ్మగారే "పోతే పోనీ, తెలిసి తెలిసి మళ్లీ అందులోనే ఎందుకు వెయ్యడం" అన్నారు.

ఇరవై సంచులు ఖాళీ చేయించాను. ఆ మట్టిని పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పోశాం, కొబ్బరికి ఈ జబ్బు రాదు. సంచులు కడిగి, బ్లీచింగ్‌లో ముంచి, వారం రోజులు ఎండలో ఆరబెట్టాం. కొత్త మిశ్రమానికి ఎప్పుడూ సాగు చేయని గట్టు మీది ఎర్రమట్టి, బాగా మాగిన గెత్తం, కొబ్బరిపొట్టు కలిపాం. ఉద్దానం వైపు నుంచి మనకి కొబ్బరిపొట్టు సులువుగా దొరుకుతుంది, కానీ అందులో ఉప్పు ఉంటుంది. మూడుసార్లు నీళ్లలో నానబెట్టి పిండాకే వాడాం. సంచికి గుప్పెడు వేపపిండి. ఈసారి ఇటుకలు ముందే వచ్చాయి. ఒక్కో సంచి రెండు ఇటుకల మీద, సంచికీ సంచికీ మధ్య జానెడు ఎడం.

ఇరవై రెండు సంచుల్లో పాత మట్టినే ఉంచి బెండ, బొబ్బర్లు, మొక్కజొన్న వేయించాను. ఇవి ఈ బ్యాక్టీరియాకి ఆశ్రయం ఇవ్వవు కాబట్టి, పంటమార్పిడికి వీటినే వాడతారు. మిగిలిన నాలుగు సంచుల్లో పాత మట్టిలోనే, కావాలని, నాటు టమాటా పెట్టించాను. వాలుకి అన్నిటికంటే కింద, గొట్టం పక్కన, అక్కడి నీళ్లు వేరే సంచికి పోకుండా.

కాలం వెనక్కి లెక్కపెట్టుకోవడం

మాస్టారు అడిగిన ప్రశ్న, "మరి నారు ఎప్పుడు పొయ్యాలి?" నేను వెనక నుంచి లెక్క వేశాను. మన దగ్గర రాత్రిళ్లు 20 డిగ్రీల కిందికి దిగేది డిసెంబరులో. జనవరిలో 17 దగ్గర ఉంటాయి. మార్చి సగానికి మళ్లీ 23, 24 ఎక్కుతాయి. అంటే పిందె కట్టడానికి మనకి ఉన్నది మూడు నెలలు. ఆ మూడు నెలల మొదట్లో మొక్క పూతకి సిద్ధంగా ఉండాలి. నాటిన తర్వాత పూతకి ముప్ఫై, ముప్ఫై ఐదు రోజులు, నారుకి ఇరవై ఐదు రోజులు. ఇంకా వెనక్కి వెళ్తే అక్టోబరు తుపాన్ల నెల. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. ఆ పక్షంలో లేత మొక్కలు ఆరుబయట ఉండకూడదు. నారు ట్రేలోనే ఉంటే గాలి వస్తుందనగానే గదిలోకి తీసుకుపోవచ్చు.

అలా దసరా వెళ్లాక, అక్టోబరు 17న, చిత్త కార్తెలో నారు పోశాం. రకం అర్క రక్షక్. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన ఈ రకం ఆకుముడత వైరస్‌ని, బ్యాక్టీరియా ఎండు తెగులుని, ముందు వచ్చే ఆకుమచ్చ తెగులుని మూడింటినీ తట్టుకుంటుంది. విత్తనం నుంచే పెంచాం. అంతకుముందు ఏడాది ఒక నర్సరీలో కొన్న నారు వారంలోనే ముడుచుకుపోయిందని అమ్మగారికి ఇంకా బాధగానే ఉంది. ట్రేల మీద పారదర్శకమైన షీటు ఎత్తుగా కట్టాం, పక్కలు వదిలేశాం. గాలి ఆడకపోతే నారుకుళ్లు వస్తుంది. నీళ్లు పొద్దున్నే, సాయంత్రం వద్దు. నాగులచవితి వెళ్లాక, నవంబరు 11న, విశాఖ కార్తెలో పదహారు సంచుల్లో నాటాం. మిగిలిన నాలుగు కొత్త సంచులు వంగకి.

డిసెంబరు మొదట్లో జవాద్ తుపాను వస్తోందని టీవీలో చెప్పగానే మాస్టారికి మళ్లీ టెన్షన్ మొదలైంది. ఒక్కో మొక్కకి రెండు వెదురు కర్రలు కట్టించాను, గొట్టం నోటి దగ్గర ఇనుప జాలీ పెట్టించాను. జవాద్ బలహీనపడి పూరీ వైపు వెళ్లిపోయింది. గాలికి ఒక మొక్క విరిగింది, అంతే. మట్టి చిందకుండా ఎండుగడ్డి పరిచి ఉంచాం కాబట్టి వాన తర్వాత ఆకుమచ్చ కూడా పెద్దగా రాలేదు. కింది ఆకులు అడుగు ఎత్తు దాకా తీసేశాం.

జనవరిలో ఇక్కడ మంచు బాగా కురుస్తుంది. ఎనిమిదింటికి కూడా ఆకుల మీద నీటిబొట్లు ఉంటాయి. అందుకని అమ్మగారికి ఒక పని చెప్పాను. తొమ్మిదిన్నర, పదింటికి మంచు ఆరాక పెన్సిలుతో పూగుత్తి కాడ మీద మెల్లగా తట్టడం. పుప్పొడి పొడిగా ఉన్న సమయం అదే. వారంలో నాలుగు రోజులు చేసేవారు. ఒక రోజు నేను ఉండగానే తట్టి, అరచేయి కింద పెట్టి, దాని మీద పడిన పసుపు పొడిని నాకు చూపించారు.

సంక్రాంతికి ముందు, జనవరి 12న మొదటి కోత. మార్చి 28 దాకా పదిహేను మొక్కల నుంచి 29 కిలోలు వచ్చాయి. తూకం, తేదీ మాస్టారి నోటుబుక్కులోనివే. కొత్త మట్టిలో ఎండు తెగులు ఒక్క మొక్కకీ రాలేదు.

పాత మట్టిలో పెట్టిన నాలుగు మొక్కలే నాకు ఎక్కువ నేర్పాయి. ఒకటి నవంబరు చివర్లోనే వాలింది. మిగతా మూడు డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి అంతా ఆరోగ్యంగా నిలబడి కాయలు కూడా కాశాయి. చూసినవాళ్లెవరైనా మట్టి బాగుపడిందనే అంటారు. మార్చి మూడో వారంలో థర్మామీటరు రాత్రి 24 దాటిన తర్వాత ఐదు రోజుల్లో రెండు మొక్కలు తల వాల్చేశాయి. గ్లాసులో పెడితే అదే పాల దారం. చలికాలమంతా బ్యాక్టీరియా అక్కడే ఉంది, చల్లదనానికి మందగించింది. శీతాకాలంలో బాగా కాసిన సంచిని చూసి, అదే మట్టిలో జూన్‌లో మళ్లీ వంగ వేసేవాళ్లు మన ఊళ్లో చాలామంది ఉన్నారు. వాళ్ల ఇళ్లకి వెళ్లినప్పుడల్లా నేను ఈ నాలుగు సంచుల సంగతి చెబుతాను.

పాత మట్టిని 2022 ఏప్రిల్, మే నెలల్లో డాబా మీద పలచగా పరిచి, తడిపి, పారదర్శకమైన పాలిథిన్ కప్పి, అంచులు ఇటుకలతో నొక్కి నలభై రోజులు ఎండబెట్టించాను. నల్ల కవర్ కాదు, ఎండ లోపలికి దిగాలంటే పారదర్శకంగానే ఉండాలి. అయినా ఆ మట్టిలో టమాటా, వంగ వేయనివ్వలేదు. బెండ, బొబ్బర్లే.

వానాకాలంలో టమాటా వద్దు, ఆ నెలల్లో బజార్లో కొనుక్కోండని ఇద్దరికీ స్పష్టంగా చెప్పాను. ఆరుద్ర కార్తె నుంచి బీర, ఆనప, గోంగూర, బెండ ఈ ఉక్కపోతలోనే సంతోషంగా పెరుగుతాయి, డాబా ఖాళీగా ఉండదు. కానీ వంకాయ లేకుండా వానాకాలం గడవదని అమ్మగారు పట్టుబట్టారు. అందుకే ఆ నాలుగు కొత్త సంచుల్లో అడవి వంగ వేరు మీద అంటుకట్టిన మొక్కలు పెట్టాం. ఆ వేరు ఈ తెగులుని బాగా తట్టుకుంటుంది. అంటు కింద నుంచి వచ్చే ముళ్ల పిలకల్ని మాత్రం ఎప్పటికప్పుడు తీసెయ్యాలి, లేకపోతే అవే మొక్కని మింగేస్తాయి. 2022 వానలన్నీ దాటి నాలుగింటిలో మూడు నిలబడ్డాయి.

ఆ సెప్టెంబరులో ఒక ఉదయం అమ్మగారే ఫోన్ చేశారు. ఒక వంగ మొక్కలో కొమ్మ చివర వాలిందన్నారు. నేను వెళ్లేసరికి కొమ్మ కోసి గాజుగ్లాసులో పెట్టి, కిటికీ దగ్గర వెలుతురులో ఉంచారు. అరగంట అయిందట. నీళ్లు తేటగానే ఉన్నాయి. కొమ్మని నిలువునా చీల్చాం. లోపల దొలిచిన సొరంగంలో లేత గులాబీ రంగు పురుగు ఒకటి కదిలింది. కొమ్మ, కాయ తొలిచే పురుగు. వాలిన కొమ్మల్ని కిందికంటా తుంచి కాల్చేసి, మొక్కని అలాగే ఉంచేశాం.